చెప్పాపెట్టకుండా ప్రయాణాలు.. ఇది డ్రోమోమేనియానా?

ప్రశ్న: మా తమ్ముడి వయసు 26. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాడు. ఏడాదిన్నరగా ఉన్నట్టుండి ఏ బస్సో రైలో ఎక్కి, ఎవరికీ చెప్పకుండా దూర ప్రాంతాలకు వెళ్లిపోతున్నాడు. వెళ్లే ముందు రాత్రుళ్లు నిద్రపోడు, అయినా హుషారుగానే ఉంటాడు. తిరిగొచ్చాక రోజుల తరబడి గదిలోంచి బయటకు రాడు. లోన్ యాప్‌లలో అప్పులు చేశాడు, ఉద్యోగం పోయింది. తనకు డ్రోమోమేనియా ఉందని, అది జన్యువుల్లోనే ఉంటుంది కాబట్టి చికిత్స లేదని అంటున్నాడు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని అమ్మ అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ప్రయాణం చేయాలన్న కోరికను అణచుకోలేకపోవడాన్ని డ్రోమోమేనియా అనేవారు. ఈ రోజు ఏ మానసిక వైద్యుడూ ఆ పేరుతో రోగనిర్ధారణ చేయరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11లో గానీ, అమెరికా మానసిక వైద్యులు అనుసరించే డీఎస్ఎమ్-5లో గానీ అది విడి జబ్బుగా లేదు. 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో మాత్రం దానిపై పెద్ద చర్చే నడిచింది. బోర్డో నగరంలో గ్యాస్ కంపెనీ కార్మికుడైన ఆల్బెర్ దాదా పని మధ్యలో వదిలేసి, చాలావరకు కాలినడకన వియన్నా, మాస్కో, కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) దాకా వెళ్లాడు. దారిలో అరెస్టయ్యేవాడు, తిరిగొచ్చాక ఆ ప్రయాణం చాలావరకు గుర్తుండేది కాదు. 1886లో ఆసుపత్రిలో చేరినప్పుడు, వెళ్లకుండా తనను తాను ఆపుకోలేకపోతున్నానని ఏడ్చాడు. అతణ్ని పరిశీలించిన ఫిలిప్ టిస్సియే 1887లో తన వైద్య సిద్ధాంత వ్యాసాన్ని ఈ అంశం మీదే రాశారు. బోర్డో వైద్యులు దీన్ని హిస్టీరియా, అంటే మానసిక కారణాల వల్ల వచ్చే జబ్బు అన్నారు. పారిస్‌లో షార్కో అనే నరాల వైద్యుడు, ఇలాగే తిరిగే మరో రోగిని పరీక్షించి, మూర్ఛ (ఫిట్స్) జబ్బుగా భావించి బ్రోమైడ్ అనే మందు ఇచ్చారు. తిరగడం వెనుక ఉన్న అసలు జబ్బేమిటన్నదే అప్పటి వివాదం. మీ తమ్ముడి విషయంలోనూ తేల్చవలసింది అదే.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ప్రయాణాలు కాదు, నిద్ర. నిద్ర లేకపోయినా అలసట లేకపోవడం, డబ్బు లెక్కాపత్రం లేకుండా ఖర్చు కావడం, ఉన్నపళంగా బయల్దేరిపోవడం, ఆ తర్వాత రోజుల తరబడి కుంగిపోవడం అనే వరుసను చూస్తే మొదట అనుమానించవలసింది బైపోలార్ డిజార్డర్‌ను, అంటే కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బును. ఈ జబ్బు చాలామందిలో ఇరవైల వయసులోనే బయటపడుతుంది. ఉత్తరం చదివి నిర్ధారించడం సాధ్యం కాదు, అలా చేయడం సరికాదు కూడా. కానీ ఈ అనుమానంతోనే మానసిక వైద్యుడిని కలవండి. అతను దిగులుగా ఉన్నప్పుడు మాత్రమే చూపించి, హుషారు దశ సంగతి చెప్పకపోతే, వైద్యుడు కేవలం డిప్రెషన్ మందులు రాసే ప్రమాదం ఉంది. బైపోలార్ ఉన్నవారిలో ఆ మందులు ఒక్కటే వాడితే హుషారు దశ మళ్లీ ఎగదన్నవచ్చు. అందుకే అతను ఎప్పుడు నిద్ర మానేశాడో, ఎప్పుడు వెళ్లాడో, ఎంత ఖర్చు పెట్టాడో తేదీలతో రాసి పట్టుకెళ్లండి.

ఒక ప్రశ్నకు మాత్రం అతని దగ్గర స్పష్టమైన జవాబు రాబట్టాలి: వెళ్లిన దారి, ఉన్న చోటు, కలిసిన మనుషులు పూర్తిగా గుర్తున్నారా? గుర్తుంటే పై అనుమానమే బలపడుతుంది. మధ్యలో కొన్ని గంటలో రోజులో చెరిపేసినట్టు ఉంటే, ఫిట్స్ జబ్బు గానీ, తీవ్రమైన మానసిక ఆఘాతం వల్ల గతాన్ని మరిచిపోయి ఎటో వెళ్లిపోయే డిసోసియేటివ్ ఫ్యూగ్ గానీ ఉందేమో చూడాలి. అప్పుడు న్యూరాలజిస్టు సలహా, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష), అవసరమైతే ఎమ్‌ఆర్‌ఐ కావాలి. మద్యం, గంజాయి అలవాట్ల గురించి దాచకుండా చెప్పండి. థైరాయిడ్ పరీక్ష ఎలాగూ చేస్తారు.

జన్యువుల మాటకొస్తే, డోపమిన్ అనే మెదడు రసాయనానికి సంబంధించిన డీఆర్‌డీ4 అనే జన్యువును ఇంటర్నెట్‌లో ‘ప్రయాణాల జన్యువు’గా ప్రచారం చేస్తున్నారు. కొత్తదనం కోరే స్వభావంతో దానికి కొంత సంబంధం ఉందని కొన్ని పరిశోధనలు అన్నా, ఆధారాలు బలంగా లేవు, ఒక మనిషి ఉద్యోగం వదిలి వెళ్లిపోవడాన్ని అది వివరించదు. కాలికి బలపం కట్టుకుని తిరిగేవాళ్లందరూ రోగులు కారు. సెలవు పెట్టి, చేతిలోని డబ్బుతో, ఇంట్లో చెప్పి ఏడాదికి ఎన్ని ఊళ్లు తిరిగినా అది వైద్యుడికి సంబంధించిన విషయం కాదు.

పెళ్లి చికిత్స కాదు. జబ్బు దాచి చేసే పెళ్లి వల్ల మరో ఇంటి ఆడపిల్ల కూడా నలిగిపోతుందని అమ్మగారికి గట్టిగానే చెప్పండి. బైపోలార్ అని తేలితే లిథియం, వాల్‌ప్రోయేట్ వంటి మందులతో చాలామంది మామూలు జీవితం గడుపుతున్నారు. లిథియం వాడేవారు మాత్రం రక్తంలో దాని మోతాదును, కిడ్నీ, థైరాయిడ్ పనితీరును క్రమం తప్పకుండా పరీక్షించుకోవాలి. బాగున్నానని మందు తనంతట తాను ఆపేయకూడదు.

హుషారుగా ఉన్నప్పుడు ఆసుపత్రికి రమ్మంటే రాడు. తిరిగొచ్చి నీరసించి ఉన్నప్పుడు, వాదనకు దిగకుండా నిద్ర గురించి మాట్లాడి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఈ వైద్యం దొరుకుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. కుదుటపడ్డాక, మళ్లీ జబ్బు తిరగబెడితే తన తరఫున నిర్ణయాలు తీసుకునే వ్యక్తిని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అతను ముందే రాతపూర్వకంగా సూచించవచ్చు. ఈలోగా చనిపోవాలనిపిస్తోందన్న మాట అంటే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మళ్లీ కనిపించకుండా పోతే 24 గంటలు ఆగాలన్న నిబంధనేమీ లేదు, వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసి, చికిత్స కాగితాల నకలు వారికి ఇవ్వండి.