పన్ను కోసం ఆస్పిరిన్ ఆపెయ్యకండి తమ్ముడూ

మూడు నెలల క్రితం నాన్నగారికి బైపాస్ అయిందని, పన్ను తీయించాలని, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్ మానేశారని రాశావు. ఈరోజే గుండె డాక్టరుకి ఫోన్ చెయ్యి. చాలామందికి పన్ను తీసేటప్పుడు ఆస్పిరిన్ ఆపక్కర్లేదు. ఆపాలో వద్దో చెప్పాల్సింది ఆయనే.

ఎందుకింత కంగారంటే, నాన్నగారికి బైపాస్‌లో వేసిన మూడు గ్రాఫ్టుల్లో, అంటే మూసుకుపోయిన గుండె నాళాన్ని దాటించి రక్తం పోయేలా అతికించిన నాళాల్లో, రెండు కాలి సిరలన్నావు. సిర తక్కువ ఒత్తిడికి అలవాటుపడ్డ గొట్టం. దాన్ని తెచ్చి ధమని ఒత్తిడిలో పెడతారు. మొదటి నెలలో రక్తం గడ్డకట్టి మూసుకుపోవచ్చు, ఏడాదిలోపు లోపలి పొర మందమవుతుంది, ఆ తర్వాత కొవ్వు పేరుకుంటుంది. పదేళ్లకి కాలి సిరల్లో దాదాపు సగమే తెరిచి ఉంటాయి. ఛాతీ లోపలి ధమని మాత్రం 90 శాతం దాకా నిలుస్తుంది. నాన్నగారికి గుండె ముందువైపు ఉండే ముఖ్యమైన రక్తనాళానికి అదే కలిపారు, అది మంచి మాట.

అతికించిన చోట అసలు నాళం సన్నగా ఉన్నా గ్రాఫ్ట్ తొందరగా మూసుకుపోతుంది. అది మన చేతిలో లేదు. ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు), షుగరు, బీపీ మన చేతిలోవే. చుట్ట మానలేదన్నావు చూడు, నాకు అన్నిటికన్నా భయం దాని మీదే. దగ్గర కూర్చుని మాన్పించు.

నడకకి డాక్టరు సరేనంటే పొద్దున్నే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లు, ఎండెక్కితే ఉక్కకి తట్టుకోలేరు. కైలాసగిరి మెట్లు ఇప్పుడే వద్దు. ఛాతీ బరువుగా ఉందంటే గ్యాస్ అనుకోకుండా 108కి ఫోన్ చెయ్యి.