కాన్పయ్యాక మళ్లీ పరుగు: చుక్కలు పడుతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటాం. నార్మల్ డెలివరీ అయి ఐదు నెలలైంది, కుట్లు పడ్డాయి. పాపకు నా పాలే. గతంలో రెండు హాఫ్ మారథాన్లు పూర్తి చేశాను. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు ఇంకా ఏడు నెలలుందని పరుగు మొదలుపెట్టాను. రెండో కిలోమీటరు దాటేసరికి మూత్రం చుక్కలు పడుతున్నాయి. పొట్ట తగ్గలేదు, జుట్టు ఊడుతోంది. పరుగెడితే పాలు ఇంకిపోతాయని అమ్మ భయపడుతోంది. మానేయాలా?

సలహా: మానక్కర్లేదు, కొన్నాళ్లు వాయిదా వేయండి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది పొట్ట కాదు, ఆ చుక్కలు. ‘పిల్లలు పుట్టాక ఇంతే’ అని ప్యాడ్ పెట్టుకుని పరుగెత్తేవాళ్లను రోజూ చూస్తుంటాను, బాధేస్తుంది. ఇది సరిపెట్టుకోవాల్సిన విషయం కాదు. వ్యాయామంతోనే చాలామందికి తగ్గుతుంది.

మూత్రాశయాన్ని, గర్భసంచిని, పేగును కింద నుంచి ఉయ్యాలలా మోసేవి కటి కండరాలు. కాన్పులో అవి విపరీతంగా సాగుతాయి. మళ్లీ బిగుసుకోవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువ. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజన్ తక్కువగా ఉండటంతో అక్కడి పొరలు పల్చగా, పొడిగా ఉంటాయి. ఆ స్థితిలో ప్రతి అడుగు తాకిడీ వాటి మీదే పడుతోంది.

పరుగు ఆపి ఆరు నుంచి ఎనిమిది వారాలు వేగంగా నడవండి. కటి కండరాలకు ఇలా చేయండి: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, గ్యాస్‌నూ మూత్రాన్నీ ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి లాగండి. ఎనిమిది సెకన్లు పట్టి, పూర్తిగా వదలండి. పిరుదులు బిగించొద్దు, ఊపిరి బిగబట్టొద్దు. ఇలా ఎనిమిది నుంచి పది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. పాపకు పాలిచ్చేటప్పుడు కూర్చునే చేసుకోవచ్చు, అప్పుడైతే మర్చిపోరు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయడం మాత్రం వద్దు. చాలామంది ఈ కండరాలను తప్పుగా బిగిస్తారు కాబట్టి, ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టుకు ఒక్కసారి చూపించుకోండి.

ఇక పొట్ట. అలాగే పడుకుని తల కొంచెం పైకెత్తి, బొడ్డు దగ్గర వేళ్లు పెట్టి చూడండి. రెండు వేళ్లకు మించి సందు తెలిస్తే పొట్ట కండరాలు ఇంకా దగ్గరపడలేదన్నమాట. అవి దగ్గరపడేదాకా క్రంచెస్ (పడుకుని తల, భుజాలు పైకి లేపే వ్యాయామం) చేయకండి. నడికట్టు ఆసరా ఇస్తుందే గానీ కండరాలను కలపదు. మరీ బిగిస్తే ఒత్తిడంతా కిందికి పోతుంది.

అమ్మకు చెప్పండి, పరుగుతో పాలు ఇంకిపోవు. తిండీ నీళ్లూ తక్కువైతే మాత్రం మీరు నీరసిస్తారు. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదనే పట్టింపు మన ఇళ్లలో ఇంకా ఉంది, దాన్ని వదిలేయండి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కేలరీలు కావాలి. బరువు తగ్గాలని పూట మానకండి. పాలిచ్చాక బయల్దేరితే రొమ్ములు బరువుగా ఉండవు. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాలి, మధ్యలో ఆపి ఉంటే మళ్లీ మొదలుపెట్టండి. జుట్టు ఊడటం మూడు, నాలుగు నెలలకు మొదలై ఏడాదిలోపు మామూలవుతుంది. అయినా ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి.

మళ్లీ ఎప్పుడు పరుగెత్తాలి? అరగంట నడిచినా, ఒక్కో కాలి మీద పదిసార్లు గెంతినా, నిమిషం నిలబడ్డచోటే జాగింగ్ చేసినా చుక్క పడకూడదు, కింద బరువుగా అనిపించకూడదు. అప్పుడు నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టండి. బ్రిటన్ మారథాన్ రన్నర్ పాలా రాడ్‌క్లిఫ్ 2007 జనవరిలో బిడ్డను కని, నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచింది. కానీ తొందరపడి సాధన మొదలుపెట్టడంతో మధ్యలో ఆమె నడుము కింది ఎముకకు పగులు వచ్చింది. ఆ భాగం జనానికి అంతగా గుర్తుండదు. ఆగస్టుకు మీరు 10 కిలోమీటర్లకు పేరిస్తే నాకు సంతోషం. హాఫ్ ఆ తర్వాతి ఏడాది చూసుకోవచ్చు.

కింద ఏదో జారుతున్నట్టు అనిపించినా, రక్తం కనిపించినా, నడుము కింద నొప్పి తగ్గకపోయినా వెంటనే గైనకాలజిస్టును కలవండి. పాత బూట్లు వేసుకునే ముందు పాదం మళ్లీ కొలుచుకోండి. గర్భంతో పాదం పెరిగి అలాగే ఉండిపోవడం మామూలే, బిగుతు బూట్లతో గోళ్లు నల్లబడతాయి.