బ్యాకప్ సాఫ్ట్‌వేర్లలో ఏది నేర్పించాలి? పాలకొల్లు దగ్గరి నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మావాడు భీమవరంలో బీటెక్ ఈసీఈ చేశాడు. ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడు అమీర్‌పేట వెళ్లి బ్యాకప్ అడ్మిన్ (కంపెనీ డేటాకి కాపీలు తీసి కాపాడే పని) కోర్సు చేస్తానంటున్నాడు. వీమ్, కామ్‌వాల్ట్, నెట్‌బ్యాకప్ మూడూ నేర్పుతారట. వీటిలో దేనికి భవిష్యత్తు ఉంది? అన్నీ క్లౌడ్‌కి వెళ్లిపోతుంటే అసలు ఈ పని మిగులుతుందా? మా బంధువుల పిల్లలంతా ఏఐ, డేటా సైన్స్ అంటున్నారు. చెరువు లీజు డబ్బు చేతికొచ్చింది, దాంతో వీణ్నీ అందులోనే చేర్పిద్దామని నా ఆలోచన.

జవాబు: మూడు సాఫ్ట్‌వేర్ల గురించి అడిగారు, చెబుతాను. కానీ మీ అసలు బాధ బంధువుల పిల్లల మాటలో ఉందండీ. రేపు పెళ్లిలో ఎవరైనా 'మీవాడేం చేస్తున్నాడు' అంటే 'బ్యాకప్' అని చెప్పడానికి మీకు నామోషీగా ఉంది. కాపీలు తీసే పనికి ఇంజినీరింగ్ చదవాలా అనిపిస్తోంది. ముందు ఆ బరువు దించుకోండి.

మీకు చెరువులున్నాయి కాబట్టి ఇలా చూడండి. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. అందుకే జనరేటర్ కొంటారు. కొని షెడ్లో పెట్టి ఆరు నెలలు స్టార్ట్ చేయకపోతే, కావలసిన రాత్రి అది కదలదు. కంపెనీకి డేటా బ్యాకప్ అలాంటిదే. కాపీ తీయడం జనరేటర్ కొనడం లాంటిది. దాన్ని వెనక్కి తెచ్చి, సర్వర్ లేపి చూపించడం, అంటే రీస్టోర్, అదీ అసలు ఉద్యోగం. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాడి జరిగితే రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాశారు. 2024 జూలైలో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలిచ్చే ఒక సంస్థకు అదే తగిలితే దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. అలాంటి రోజున ఎండీ ఫోన్ చేసేది బ్యాకప్ మనిషికే.

క్లౌడ్ వస్తే ఈ పని పోతుందన్నది తప్పు. క్లౌడ్ కంపెనీ తన మెషీన్లు నడిపే బాధ్యత తీసుకుంటుంది. అందులో మీరు పెట్టిన డేటా బాధ్యత మీదే. కంపెనీలు ఫైళ్లు దాచుకునే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ షేర్‌పాయింట్‌లో తుడిచేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లలో మొత్తం 93 రోజులే ఉంటుంది. 94వ రోజు ఆడిటర్ అడిగితే విడిగా తీసిన బ్యాకప్ ఉండాల్సిందే. పని చోటు మారుతోంది, పని మాయం కావట్లేదు.

ఇక డేటా సైన్స్. నాకున్న అనుమానాలన్నీ ఇక్కడే ఉన్నాయి కాబట్టి కాస్త ఓపికగా చదవండి. నాలుగు నెలల కోర్సులో పైథాన్, కొన్ని లైబ్రరీలు, అందరూ చేసే అవే ఐదారు ప్రాజెక్టులు చేయిస్తారు. ఒకే బ్యాచ్‌లోని అరవై మంది రెజ్యూమేల్లో అవే ప్రాజెక్టులు కనిపిస్తాయి. ఇంటర్వ్యూలో అడిగేది స్టాటిస్టిక్స్, ఎస్‌క్యూఎల్, లెక్కల లోతు. అక్కడ ఎంటెక్, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసినవాళ్లతో పోటీ. ఉద్యోగం వచ్చినా, మొదటి ఏళ్లలో మోడళ్లు తయారు చేయడం కన్నా చిందరవందరగా వచ్చిన డేటాను శుభ్రం చేయడమే ఎక్కువ. మీవాడికి ప్రాబబిలిటీ అంటే ఇష్టమై, ఎవరూ చెప్పకుండా లెక్కలు చేసుకునే రకమైతే నేనే పంపించమంటాను. అలాంటి మాట మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. బంధువుల పిల్లలు చేరారన్నది ఒక్కటే కారణం. పొరుగింటి పుల్లకూర కోసం చెరువు లీజు డబ్బు ధారపోయకండి.

ఇంకో మాట కఠినంగానే చెప్పాలి. ఏడాదిగా ఇంట్లో ఉన్నాడని ఫిర్యాదులా రాశారు. ఆ ఏడాదిలో వాడు తనంతట తాను ఒక దారి వెతుక్కున్నాడు, మూడు సాఫ్ట్‌వేర్ల పేర్లు కనుక్కుని మీ ముందు పెట్టాడు. ఈ పని ఎందుకు నచ్చిందని మీరు వాణ్ని ఒక్కసారైనా అడిగారా? అడగకుండానే ఇంకొకరి కోర్సు వాడి నెత్తిన పెడుతున్నారు. ఇవాళ సాయంత్రం అడగండి, చెప్పేదాకా ఆగండి.

సాఫ్ట్‌వేర్ల సంగతి. వీమ్ 2006లో మొదలైంది, వర్చువల్ మెషీన్ల (ఒకే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే విడివిడి కంప్యూటర్లు) బ్యాకప్‌తో పేరు తెచ్చుకుంది. చిన్న, మధ్య తరహా కంపెనీల్లో ఎక్కువ కనిపిస్తుంది, తెరలు తేలిగ్గా అర్థమవుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, దాని కమ్యూనిటీ ఎడిషన్ 10 మెషీన్ల దాకా ఉచితం. ఇంట్లో నేర్చుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? నెట్‌బ్యాకప్ పెద్ద బ్యాంకుల, టెలికాం కంపెనీల సరుకు: అంతా నడిపే ప్రైమరీ సర్వర్, కాపీలు రాసే మీడియా సర్వర్, బ్యాకప్ తీయాల్సిన క్లయింట్ అని మూడంచెలు, టేపు లైబ్రరీలతో పాత బంధం. దాన్ని నడిపిన వెరిటాస్ వ్యాపారం 2024 డిసెంబరులో కోహెసిటీలో కలిసింది. అలాగని నడుస్తున్న నెట్‌బ్యాకప్‌ను పెద్ద సంస్థలు ఒక్క ఏడాదిలో పీకేయవు. కామ్‌వాల్ట్‌లోనూ ఇలాగే అంతా నడిపే కామ్‌సర్వ్, కాపీలు రాసే మీడియా ఏజెంట్ అనే అమరిక. చేయలేని పని తక్కువ, సెట్టింగుల అడవి ఎక్కువ. రూబ్రిక్, కోహెసిటీ అనేవి ఈ మూడింటి తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్లు, వాటిని ఉద్యోగంలో చేరాక నేర్చుకోవచ్చు. నా సలహా వీమ్‌తో మొదలుపెట్టి, నెట్‌బ్యాకప్ నిర్మాణం అర్థం చేసుకోమని. ఒకటి గట్టిగా వస్తే రెండోది నెలన్నర పని.

ఎందుకంటే లోపల భావాలన్నీ ఒకటే. ఎంత మేరకు డేటా పోతే తట్టుకోగలం అన్నది ఆర్‌పీవో, ఎంతసేపట్లో లేవాలి అన్నది ఆర్‌టీవో. ఆదివారం ఫుల్ (మొత్తం కాపీ), మిగతా రోజులు ఇంక్రిమెంటల్ (ముందు రోజు తర్వాత మారినది మాత్రమే) తీస్తే, మంగళవారం ముక్క పాడైనప్పుడు మళ్లీ ఫుల్ తీసేదాకా మంగళవారం నుంచి ఏ రోజు డేటా పూర్తిగా వెనక్కి రాదు. 1 గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకు దాదాపు 110 ఎంబీ కదులుతుంది; 10 టీబీ తేవాలంటే 25 గంటలు. నాలుగు గంటల్లో లేపుతామని మేనేజర్ మాటిచ్చి ఉంటే ఆ మాట అబద్ధమని ఈ లెక్కే చెబుతుంది. ఈ లెక్క నోటితో చేయగల కుర్రాణ్ని ఇంటర్వ్యూలో వదులుకోరు.

పని చెడేది ఎక్కువగా చిన్న కారణాలకే. బ్యాకప్ నడిపే సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్ గడువు ముగుస్తుంది. విండోస్‌లో కాపీకి డేటాను సిద్ధం చేసే వీఎస్ఎస్ రైటర్ మొరాయిస్తుంది. తుడవకుండా మిగిలిపోయిన స్నాప్‌షాట్ (మెషీన్ అప్పటి స్థితిని పట్టి ఉంచిన ప్రతి) డేటాస్టోర్, అంటే మెషీన్లుండే డిస్కు, నింపేస్తుంది. నెట్‌బ్యాకప్‌లో 58 అనే కోడ్ వస్తే క్లయింట్‌ను అందుకోలేకపోతోంది, డీఎన్ఎస్, ఫైర్‌వాల్ చూడాలి. 96 వస్తే కాపీ రాయడానికి మీడియా, అంటే ఖాళీ టేపు లాంటిది, లేదు. 1 వస్తే కొన్ని ఫైళ్లు వదిలేసి పని అయిందనిపించింది. ఆ 1 చాలా ప్రమాదం, పని అయింది కదా అని వదిలేస్తే వదిలిన ఫైలే రేపు కావలసి వస్తుంది. ఇక ఘోరమైన తప్పు ఏంటంటే బ్యాకప్ సర్వర్‌ను కంపెనీ డొమైన్‌లోనే (కంపెనీ కంప్యూటర్లన్నిటినీ ఒకే అధికారం కింద నడిపే ఏర్పాటు) చేర్చడం. దొంగకు డొమైన్ అడ్మిన్ తాళం దొరికితే అసలు డేటాతో పాటు కాపీ కూడా లాక్ అవుతుంది. అందుకే విడి అకౌంట్లు, ఎవరూ తుడవలేని ఇమ్యూటబుల్ కాపీ ఒకటి ఉండాలి. 2017 జనవరి చివర్లో ప్రోగ్రామర్ల కోడ్ దాచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున డేటాబేస్ తుడిచేశాడు. ఐదు రకాల రక్షణలు పెట్టుకున్నామనుకున్నవి సరిగా పనిచేయలేదు. డేటాబేస్ కాపీ (డంప్) తీసే ప్రోగ్రాం వెర్షన్ కలవక ఎప్పుడూ విఫలమవుతున్నా ఎవరికీ తెలియలేదు. ఆరు గంటల ముందు తీసిన కాపీ ఒకటి వేరే చోట ఉండబట్టి బయటపడ్డారు.

కష్టం దాచను. బ్యాకప్‌లు రాత్రి నడుస్తాయి కాబట్టి మొదటి ఉద్యోగం షిఫ్టుల్లోనే: ఫెయిలైన జాబ్‌లు చూడటం, మళ్లీ నడపడం, టికెట్ (సమస్య నమోదు) రాయడం. అక్కడే మూడేళ్లు కూర్చుంటే అక్కడే మిగులుతాడు. లినక్స్, నెట్‌వర్కింగ్, వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్ లేదా హైపర్‌వీ, విండోస్‌ను ఆదేశాలతో నడిపే పవర్‌షెల్, ఏదో ఒక డేటాబేస్ పక్కపక్కనే నేర్చుకుంటే ఆర్కిటెక్ట్ దాకా దారి ఉంది. ఈసీఈ అడ్డు కాదు. ఇంకోటి, ఎవరైనా రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పెట్టిస్తామంటే ఆ గుమ్మం దిగి వచ్చేయండి. పీఎఫ్ చరిత్ర చూస్తే దొరికిపోతుంది, చేరాక దొరికితే ఉద్యోగంతో పాటు పేరు కూడా పోతుంది.

ఫీజు కట్టేముందు ఎనిమిది వారాలు ఇంట్లో చేయనివ్వండి. పాత డెస్క్‌టాప్‌కి 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్ఎస్‌డీ వేయించండి, విడిగా 1 టీబీ డిస్కు ఒకటి కొనండి. విండోస్ సర్వర్ 180 రోజులు పరీక్షకు ఉచితంగా ఇస్తారు. రెండు వర్చువల్ మెషీన్లు లేపి, ఒకదాంట్లో డేటాబేస్ పెట్టి, వీమ్‌తో బ్యాకప్ తీసి, మెషీన్ తుడిచేసి వెనక్కి తేవాలి. ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎక్కడ ఆగిందో నోట్‌బుక్‌లో రాయాలి. తర్వాత మీకు మేత ఇచ్చే డీలర్ దుకాణంలో ట్యాలీ డేటాకి మూడు కాపీలు ఏర్పాటు చేయమనండి: కంప్యూటర్‌లో ఒకటి, విడి డిస్కులో ఒకటి, ఊరికి దూరంగా ఒకటి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన నరసాపురం దగ్గరే తీరం దాటింది. సర్వరూ దాని కాపీ డిస్కూ ఒకే బల్ల మీద ఉంటే రెండూ కలిసే తడుస్తాయి.

ఆ నోట్‌బుక్ పట్టుకుని అమీర్‌పేట డెమో క్లాసుకి వెళ్లమనండి. అక్కడ రెండే అడగాలి: ల్యాబ్‌లో నా చేత రీస్టోర్ చేయిస్తారా? నెట్‌బ్యాకప్ క్యాటలాగ్ (ఏ కాపీ ఎక్కడుందో రాసిపెట్టే జాబితా) పోతే టేపుల్ని రెండు దశల్లో ఇంపోర్ట్ చేసి తేవడం చేయించి చూపిస్తారా? చూపిస్తామంటేనే ఫీజు కట్టండి. రికార్డు చేసిన వీడియోలు ఇస్తామంటే ఆ డబ్బు చెరువుకే ఉంచండి, వాడు ఇంట్లోనే ఇంకా బాగా నేర్చుకుంటాడు.