ఆట మధ్యలో ఆగిపోయే కంప్యూటర్ గురించి అల్లుడికి

మిర్యాలగూడ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. ఏడాదిపాటు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఒక్కొక్క భాగం ఏరి, నీ చేత్తో బిగించుకున్న కంప్యూటర్ అది. సినిమా చూస్తే చక్కగా నడిచి, ఆట మొదలుపెట్టిన అరగంటకు తెర నల్లబడి మళ్లీ మొదటి నుంచి లేస్తోందంటే బాధ ఉండదా? అయితే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటానన్నావే, ఆ పని మాత్రం ఇప్పుడు చేయకు.

నేను దుకాణం పెట్టిన కొత్తలో ఇక్కడి ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ఇలాగే ఆగిపోయేది. ర్యామ్ మార్చాను, ఆ తరువాత మదర్‌బోర్డు మార్చాను. చివరికి ఒక పూట అక్కడే కూర్చుంటే తెలిసింది: మిల్లు పెద్ద మోటారు అందుకున్న క్షణంలో ఆఫీసు లైనులో ఓల్టేజీ పడిపోతోంది. ఆ యజమాని చేత అనవసరంగా పెట్టించిన ఖర్చు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ముందు ఒక్కటి గమనించి చెప్పు. కంప్యూటర్ ఆగిన క్షణంలో మానిటర్ మీది చిన్న దీపం కూడా ఆరిపోతోందా? రెండూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయి కదా. దీపం కూడా ఆరితే తప్పు యూపీఎస్‌లోనో, గోడ సాకెట్‌లోనో ఉంది. మానిటర్ వెలుగుతూనే ఉండి సిగ్నల్ లేదని చూపిస్తే తప్పును క్యాబినెట్‌లో వెతకాలి. నీ యూపీఎస్ 600 వీఏ అన్నావు. ఆ రకంవి చాలావరకు 360 వాట్ల దగ్గరే ఆగిపోతాయి. సినిమాకు నీ కంప్యూటర్ అంత అడగదు, ఆటకు సులువుగా దాటిపోతుంది. ఓల్టేజీ నిలకడగా ఉన్న వేళ యూపీఎస్ తీసేసి, ఎర్తింగు సరిగా ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కు నేరుగా పెట్టి ఆడి చూడు. ఎర్తింగును ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టి చూపించు. మీ ఇంటి వైరింగు పాతది, నాకు ఆ అనుమానం ఎప్పటి నుంచో ఉంది.

అప్పటికీ ఆగితే ప్లగ్గు పీకి క్యాబినెట్ తెరువు. నీ గ్రాఫిక్స్ కార్డుకు ఎనిమిది పిన్నుల సాకెట్లు రెండు ఉన్నాయి. ఒకే తీగ చివరన ఉన్న రెండు కొనలను వాటికి తగిలించావేమో చూడు. లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా నుంచి రెండు వేరు వేరు తీగలు వేసి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పకు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, ప్రాణం మీదికి వస్తుంది.

నువ్వు పంపిన బిల్లులో ప్రాసెసర్ ఇంటెల్ 14వ తరం ఐ7 అని ఉంది. 13, 14 తరాల పెద్ద డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ ఓల్టేజీ వెళ్లి దెబ్బతినే లోపం ఉందని ఇంటెల్ సంస్థే 2024లో ఒప్పుకుని, బయోస్ (కంప్యూటర్ లేవగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాం) అప్‌డేట్ ద్వారా సవరణ ఇచ్చింది. వారంటీ కూడా రెండేళ్లు పెంచింది. మదర్‌బోర్డు సంస్థ వెబ్‌సైట్ నుంచి తాజా బయోస్ వేసుకో. అది వేస్తుండగా కరెంటు పోతే బోర్డు చెడిపోవచ్చు, కనుక ఆ ఒక్క పనికి యూపీఎస్ మళ్లీ తగిలించు. ఆ కాస్త భారం అది మోస్తుంది. అయితే ప్రాసెసర్ ఇప్పటికే దెబ్బతిని ఉంటే అప్‌డేట్ దాన్ని బాగుచేయదు, వారంటీ కిందే మార్పించుకోవాలి.

బయోస్ మారాక ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ అనే బయోస్ సెట్టింగును ఆపి ఉంచి రెండు రోజులు ఆడు. నిలబడితే దాన్ని తిరిగి ఆన్ చేసి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాంను ఒక రాత్రంతా నడిపించు. ఒక్క తప్పు చూపించినా ర్యామ్ ఆ వేగాన్ని తట్టుకోవడం లేదన్నమాట.

వేడి సంగతి చివరికి పెట్టాను. ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరితే సాధారణంగా ముందు తన వేగం తగ్గించుకుంటుంది, ఒక్కసారిగా ఆగిపోవడం తక్కువ. అయినా కూలర్ అడుగున ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర తీశావో లేదో గుర్తు చేసుకో. మహబూబ్‌నగర్ ఎండల్లో స్లాబు కింది గదిలో మధ్యాహ్నం పరీక్షలు పెట్టకు, రాత్రి పూట పెట్టు.

విండోస్ తన తప్పులు రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తే కంగారుపడకు. యంత్రం సరిగా మూతపడకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం, కారణం అది చెప్పదు.

ఒక విడతకు ఒక్కటే మార్చు. ఏ రోజు ఏది మార్చావో, ఎన్ని నిమిషాలకు ఆగిందో నోటు పుస్తకంలో రాసిపెట్టు. బిల్లులు, అట్టపెట్టెలు పారేయకు. ఆదివారం ఉదయం ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని ఫోను చెయ్యి. మొదట మానిటర్ దీపం సంగతి చెప్పు.

మీ మామయ్య