సొంత దేశంలోనే ఒక ప్రాంతం వదిలి ఇంకో ప్రాంతానికి జనం ఎందుకు వెళ్తారు? పేదరికమేనా కారణం?

పేదరికం ఒక్కటే కాదు. మా ఇంటి సంగతి చెప్తాను. మాది పశ్చిమ గోదావరి. మా తాతయ్య అక్కడి పొలం అమ్మేసి కర్ణాటకలోని సింధనూరు దగ్గరికి వెళ్లారు. తిండికి లేక కాదు. అన్నదమ్ములు పంచుకున్నాక మిగిలిన చెక్క మా నాన్నవాళ్ల తరానికి చాలదని.

హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయింది. ఎడమ కాలువ రాయచూరు వైపు నీళ్లు తెచ్చింది. అక్కడి రైతులు వానను నమ్ముకుని జొన్న, పత్తి పండించినవాళ్లు. నల్లరేగడిని చదును చేసి, గట్లు వేసి, వరి నాటాలంటే పెట్టుబడి కావాలి, పని తెలియాలి. డెల్టా రైతుకి ఆ పని కొట్టిన పిండి. పైగా ఇక్కడ ఎకరం అమ్మిన డబ్బుకి అక్కడ చాలా ఎకరాలు వచ్చేవి.

అయినా ధరల తేడా చూసే ఎవరూ ఊరు వదలరు. నానమ్మ తమ్ముడు అప్పటికే అక్కడున్నాడు. 'నీళ్లున్నాయి, రా బావా' అని ఆయన రాశాకే తాతయ్య కదిలారు. నా దృష్టిలో వలసకి ఇదే అసలు తాళంచెవి. మనవాడొకడు ముందు వెళ్లి నిలదొక్కుకున్న చోటికే మిగతావాళ్లు వెళ్తారు. శ్రీకాకుళం మత్స్యకారులు అంత దూరం గుజరాత్‌లోని వేరావల్‌కి వెళ్తున్నా, పాలమూరు కూలీలు మేస్త్రీ వెంట ముంబై బస్సెక్కినా అంతే. వాళ్లది మాత్రం పూర్తిగా గతిలేక పోవడం. మా వలసనీ దాన్నీ ఒకే గాటన కట్టకూడదు.

సింధనూరు, గంగావతి, మాన్వి చుట్టుపక్కల తెలుగువాళ్ల ఊళ్లని ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటారు. మొదట్లో గుడిసెలు, పాములు, జ్వరాలు. వెళ్దామా వద్దా అని నానమ్మని ఎవరూ అడగలేదు. ఆ మాట ఆవిడ చివరిదాకా చెప్పేది. మాతో వచ్చిన కూలీల కుటుంబాలకి భూమి దక్కలేదు. చవగ్గా అమ్ముకున్న స్థానికుల్లో కొందరు అవే పొలాల్లో కూలికి వచ్చారు. వాళ్ల బాధ న్యాయమైనదే.

ఇప్పుడు డ్యామ్‌లో పూడిక పేరుకుని నిల్వ 133 టీఎంసీల నుంచి సుమారు 105కి పడిపోయింది. కాలువ చివరి పొలాలకి నీళ్లందుతాయో లేదో అని ఏటా టెన్షనే. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు క్యాంపుల్లో ఎవరికీ నిద్ర లేదు. మా పిల్లలు పొలాలు కౌలుకిచ్చి బెంగళూరు, హైదరాబాద్ వెళ్తున్నారు. చదువు ఒక కారణం, నీటి మీద నమ్మకం తగ్గడం ఇంకొకటి.