వాహన సందేహాలు: విరిగింది చెవి ఒక్కటేనా?

ప్రశ్న: నాది రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. ఇంజిన్ ముందు ఉంటుంది, శక్తి వెనుక చక్రాలకు అందుతుంది. గత నెల అరకు నుంచి తిరిగి వస్తూ శృంగవరపుకోట దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ దాటి యాక్సిలరేటర్ తొక్కగానే వెనుక నుంచి ఠప్పుమని శబ్దం వచ్చింది. అప్పటి నుంచి క్లచ్ వదిలిన ప్రతిసారీ కింద ఏదో కొట్టుకుంటున్నట్లు వినిపించింది. విశాఖ చేరాక లిఫ్టు మీద పెట్టి చూస్తే డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు వెనుక చక్రాలకు పంచే గేర్ల సముదాయం) అల్యూమినియం హౌసింగ్‌ను, అంటే దాని పెట్టెను, కారుకు బిగించి ఉంచే వెనుక చెవి విరిగి ఉంది, చుట్టూ గేర్ ఆయిల్ చెమ్మ కనిపించింది. సర్వీసు కేంద్రం వారు మొత్తం అసెంబ్లీని విదేశం నుంచి తెప్పించాలంటున్నారు. ఆటోనగర్‌లో ఒక వెల్డర్ మాత్రం దేన్నీ విప్పకుండా, కారు కిందే ఒక్క పూటలో ఆర్గాన్ వెల్డింగ్ చేసి ఇస్తానంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టి, ముందు ఒక సంగతి చూడండి. ఆ చెవి హౌసింగ్‌లోనే కలిసి పోతపోసినదా, లేక బోల్టులతో బిగించిన వెనుక మూతకు ఉన్నదా? చాలా కార్లలో వెనుక చెవి మూతలో భాగంగానే ఉంటుంది. మీదీ అలాంటిదే అయితే, మూత ఒక్కటి తెచ్చి కొత్త గాస్కెట్‌తోనో సీలెంట్‌తోనో బిగిస్తే సరిపోతుంది. లోపలి గేర్ల అమరికను కదిలించవలసిన పని లేదు, అసెంబ్లీ మొత్తానికి డబ్బు పోయవలసిన పనీ లేదు.

చెవి అసలు హౌసింగ్‌దే అయితే, అది ఎందుకు విరిగిందో తెలుసుకోకుండా అతికించడం వృథా. ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) 300 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 3.8, డిఫరెన్షియల్ నిష్పత్తి 3.7 అనుకుంటే, వెనుక ఇరుసుకు చేరే టార్క్ 4,200 న్యూటన్ మీటర్లు దాటుతుంది. చక్రాలను ముందుకు తిప్పే ఆ బలమే హౌసింగ్‌ను వెనక్కి తిప్పబోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే పీనియన్ (ఇంజిన్ నుంచి శక్తిని లోపలికి తెచ్చే చిన్న గేరు) ఉన్న ముందు కొస పైకి లేవాలని చూస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. ఈ ఊగిసలాటను మింగవలసింది రబ్బరు బుష్. ఆ రబ్బరు ఎండి చిట్లితే మధ్యలో సందు ఏర్పడి, మెల్లగా నొక్కవలసిన భారం సుత్తి దెబ్బలా పడుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద చక్రాలు ఒక్క క్షణం పట్టు వదిలి మళ్లీ పట్టుకున్నప్పుడు ఆ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. విరిగిన ముఖాన్ని టార్చి వెలుతురులో చూడండి. కొంత భాగం నల్లగా, నూనె పట్టి, మిగతాది తళతళలాడుతూ ఉంటే పగులు ఎప్పుడో మొదలైందని, శృంగవరపుకోటలో జరిగింది చివరి ఘట్టం మాత్రమేనని అర్థం. సముద్రపు గాలి వీచే మన ఊరిలో ఉక్కు బోల్టు, అల్యూమినియం కలిసే చోట తెల్లని పొడిలా తుప్పు పేరుకోవడం మామూలే కాబట్టి, బోల్టు రంధ్రం చుట్టూ అది కూడా గమనించండి.

ఇక వెల్డింగ్ సంగతి. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, డాక్‌యార్డు ఉన్న విశాఖలో మంచి వెల్డర్లకు కొరత లేదు, ఆయన చేతి పనిని నేను శంకించడం లేదు. నా అభ్యంతరమంతా కారు కిందే చేస్తాననడం మీద. ఎర్త్ క్లాంపు సరైన చోట పెట్టకపోతే వెల్డింగ్ కరెంటు బేరింగుల గుండా పారి, రోలర్ల మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. వేడికి ఆయిల్ సీళ్లు గట్టిపడతాయి. అన్నింటికన్నా ముఖ్యంగా, ఏళ్ల తరబడి గేర్ ఆయిల్ పీల్చుకున్న పోత అల్యూమినియాన్ని అలాగే వెల్డ్ చేస్తే నూనె ఆవిరై, అతుకు నిండా సన్నటి బుడగలు మిగులుతాయి. పైకి అందంగా కనిపించే అలాంటి అతుకు మరో ఘాట్ ప్రయాణానికి కూడా ఆగకపోవచ్చు.

సరైన పద్ధతి ఇది. డిఫరెన్షియల్‌ను దింపి, గేర్లు, బేరింగులు, సీళ్లు తీసి, హౌసింగ్‌ను ఖాళీ చేయాలి. తీసిన ప్రతి షిమ్ (గేర్ల అమరికను సరిచేసే పలుచని రేకు) ఏ పక్కదో గుర్తు పెట్టుకోవాలి. తొందరలో ఇక్కడ జరిగే పొరపాట్లకు తరువాత మూల్యం చెల్లించింది నేను చాలాసార్లు చూశాను. హౌసింగ్‌ను డీగ్రీజర్‌తో కడిగి, 150 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కొంతసేపు ఉంచితే రంధ్రాలలోని నూనె బయటికి వస్తుంది, దాన్ని తుడిచి మళ్లీ కడగాలి. పగులు చివర కనిపెట్టి అక్కడ 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు. పగులు పొడవునా వి ఆకారపు గాడి తీసి, హౌసింగ్‌ను మందపాటి ఉక్కు పలకకు అసలు కొలతల ప్రకారం బిగించి, 100 నుంచి 150 డిగ్రీల వరకు సమంగా వేడి చేసి, ఏసీ టిగ్ (ఆర్గాన్ వెల్డింగ్) యంత్రంతో 4043 రకం కడ్డీ వాడి వెల్డ్ చేయాలి. సుమారు 5 శాతం సిలికాన్ ఉండే ఈ కడ్డీ పోత అల్యూమినియంతో బాగా కలుస్తుంది. తరువాత నీళ్లు చల్లకుండా దానంతట అదే చల్లారనివ్వాలి.

ఇంత చేసినా ఒక లోటు ఉంటుంది. హీట్ ట్రీట్‌మెంట్ చేసిన, అంటే వేడి చేసి బలం పెంచిన పోత అయితే అతుకు పక్కనున్న లోహం తన బలంలో కొంత కోల్పోతుంది. ఆ బలాన్ని తిరిగి తెప్పించాలంటే హౌసింగ్ మొత్తాన్ని 540 డిగ్రీల దరిదాపుల్లో వేడి చేయాలి, అప్పుడు బేరింగు గూళ్లు (బేరింగులు కూర్చునే రంధ్రాలు) వంకర పోయే ప్రమాదముంది. అందుచేత వెల్డ్ చేసేటప్పుడే చెవి మొదట్లో లోహం మందం కొంత పెంచుకోవడమే ఆచరణలో మేలు.

వెల్డింగ్ పూర్తయ్యాక డై పెనెట్రెంట్ పరీక్ష చేయించండి. ఎర్ర రంగు పూసి తుడిచి, పైన తెల్ల డెవలపర్ చల్లితే కంటికి ఆనని పగులు ఎర్ర గీతలా తేలుతుంది. బోర్ గేజ్‌తో బేరింగు గూళ్లను కొలిపించాలి. గేర్లు బిగించాక బ్యాక్‌లాష్ (గేర్ల పళ్ల మధ్య ఉండే సందు) చూడాలి. ఇది చాలా కార్లలో 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది కానీ, మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెదే తుది మాట. క్రౌన్ వీల్ (పీనియన్ తిప్పే పెద్ద గేరు) పళ్లకు రంగు పూసి తిప్పి, పీనియన్ ఎక్కడ తాకుతోందో కూడా చూడాలి.

పగులు చెవి దాటి బేరింగు గూటి వరకు పాకి ఉంటే మాత్రం ఆ హౌసింగ్‌ను వెల్డ్ చేయించవద్దని నా సలహా. అప్పుడు వాడిన హౌసింగ్ ఒకటి సంపాదించి, మీ గేర్లనే అందులోకి మార్చుకోవచ్చు. అయితే పాత షిమ్ములు కొత్త హౌసింగ్‌కు సరిపోతాయని అనుకోకుండా, పీనియన్ లోతును మళ్లీ మొదటి నుంచి కొలవాలి. ఏ దారిన వెళ్లినా బుష్‌లన్నీ కొత్తవి వేయించండి. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే జారి తిరగకుండా అదుపు చేసే) డిఫరెన్షియల్ అయితే దానికి చెప్పిన ఆయిలే పోయండి. అప్పటిదాకా కారును నడపవద్దు, వెనుక చక్రాలు నేల మీద దొర్లేలా లాగించవద్దు. ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీదే తరలించండి.

ప్రశ్న: నా కారుకు కూడా ఇదే భాగంలో పగులు వచ్చింది. ఇన్సూరెన్స్ వస్తుందా? ఈలోగా ఎమ్‌సీల్ పెట్టి నడపవచ్చా?
— మరొక పాఠకుడు, గాజువాక

జవాబు: ఎమ్‌సీల్ ఆయిల్ కారడాన్ని కొంతకాలం ఆపగలదేమో కానీ బరువు మోయదు, చెవి దగ్గర దానికి పని లేదు. ఇన్సూరెన్స్ విషయానికి వస్తే, మామూలు ప్యాకేజీ పాలసీ అరుగుదలను, యాంత్రిక వైఫల్యాన్ని భరించదు. రాయి తగలడం వంటి బయటి ప్రమాదం వల్ల జరిగిన నష్టాన్నే పరిగణిస్తుంది. మీ కారుకు నిజంగా కింద దెబ్బ తగిలి ఉంటే, ఆ గీతలు, నొక్కులు కనిపించేలా ఫొటోలు తీసి, వెంటనే కంపెనీకి తెలియజేయండి. సర్వేయర్ వచ్చి చూసేవరకు దేన్నీ విప్పించకండి. విరిగిన ముక్క ఊడి వస్తే దాన్ని కడగకుండా, ఉన్నదున్నట్టు సంచిలో వేసి దాచండి.