హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టేంత చిన్న పిస్టల్ ఏది?

ప్రశ్న: మేడమ్, మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఈమధ్యే గ్రీన్ కార్డ్ వచ్చింది. హాస్పిటల్లో నైట్ షిఫ్ట్ చేస్తాను, పార్కింగ్ గరాజ్‌లో కారు దాకా ఒక్కదాన్నే నడవాలంటే టెన్షన్. హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టేలా చిన్న పిస్టల్ కొందామనుకుంటున్నా. ఏది మంచిది? ఇంట్లో నాలుగేళ్ల బాబు, ఎఫ్-1 మీద ఎంఎస్ చదువుతున్న మా చెల్లెలు కూడా ఉంటారు.

జవాబు: పిస్టల్ సంగతి తర్వాత, ముందు ఆ నడక గురించి మాట్లాడుకుందామమ్మా. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టపరమైన అనర్హతలేవీ లేనివాళ్లు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి మీరు కొనుక్కోవచ్చు కూడా. కానీ హాస్పిటల్ లోపలికి తీసుకెళ్లాలంటే అటు చట్టం, ఇటు ఉద్యోగం రూల్స్ రెండూ అడ్డు. అంటే డ్యూటీ దిగేదాకా అది కారులోనే ఉండాలి. మీ భయమేమో కారు దాకా నడవడానికి! కాబట్టి ఆ నడకకి సెక్యూరిటీవాళ్లను తోడు రమ్మని అడగండి, మొహమాటం వద్దు, చాలా హాస్పిటల్స్‌లో వస్తారు. ఇక రాత్రంతా కారులో వదిలేసిన తుపాకీ దొంగలకు మంచి బేరం. అక్కడ ఉంచక తప్పదంటే సీటు కింద దోపకుండా, కారుకి కేబుల్‌తో కట్టేసే లాక్‌బాక్స్ కొనండి.

ఇదంతా తెలిసి కూడా కావాలనుకుంటే, చిన్నదే కావాలన్న పట్టుదల వదిలేయండి. ఆడవాళ్లు షాపులోకి అడుగు పెట్టగానే స్మిత్ అండ్ వెసన్ 642 లాంటి బుల్లి రివాల్వర్ చేతిలో పెట్టే సేల్స్‌మెన్ ఇంకా ఉన్నారు. 5 గుళ్లు, అరకిలో కూడా ఉండదు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే తుపాకీ ఎంత తేలికైతే పేలినప్పుడు చేతిని అంత గట్టిగా తంతుంది, పైగా దాని ట్రిగ్గర్ చాలా బిగువు, ఒక డబ్బా గుళ్లు కాల్చేసరికి అరచెయ్యి మండిపోయి మళ్లీ రేంజ్ (కాల్పులు సాధన చేసే చోటు) మొహం చూడరు. ప్రాక్టీస్ లేని తుపాకీ మీకంటే ఎదుటివాడికే ఎక్కువ పనికొస్తుంది. కాస్త పెద్దదైన 9 ఎంఎం పిస్టల్, గ్లాక్ 43ఎక్స్ లాంటిది, పట్టు కుదిరి నిలకడగా పేలుతుంది. స్లైడ్ (పిస్టల్ మీద వెనక్కి జరిగే పైభాగం) లాగలేకపోతున్నామనే వాళ్ల కోసమే స్మిత్ అండ్ వెసన్‌వాళ్లు షీల్డ్ ఈజీ తెచ్చారు. చాలామందికి ఇబ్బంది బలం లేక కాదు, పద్ధతి తెలియక. పిస్టల్‌ను ఒంటికి దగ్గరగా, గొట్టం ఎదురుగా టార్గెట్ వైపే ఉండేలా పట్టుకుని, ఎడమ చేత్తో స్లైడ్ పైభాగాన్ని గట్టిగా పట్టి, కుడిచేత్తో పిస్టల్‌ను ముందుకి తోయాలి, వేలు మాత్రం ట్రిగ్గర్‌కి దూరంగా. రేంజ్‌లో అద్దెకిస్తారు, మూడు నాలుగు రకాలు కాల్చి చూశాకే డబ్బు పెట్టండి.

హ్యాండ్‌బ్యాగ్‌కి మాత్రం నా ఓటు లేదు. 2014 డిసెంబరు 30న ఐడహో రాష్ట్రం హేడెన్‌లోని వాల్‌మార్ట్‌లో ఒక తల్లి తన రెండేళ్ల కొడుకు చేతిలో చనిపోయింది. తుపాకీ కోసమే ప్రత్యేకంగా జిప్ అర పెట్టి కుట్టిన బ్యాగ్ అది, పిల్లాడు ఆ అరలోంచే తీశాడు. మీ బాబుకి నాలుగేళ్లు, జిప్పు తియ్యడం ఒక లెక్కా? పైగా దొంగ ముందుగా లాక్కునేది బ్యాగే. ఒంటిమీదే ఉంచుకోండి, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో. లెగ్గింగ్స్, నాడా ప్యాంట్ల మీద మామూలు హోల్‌స్టర్ నిలవదు, జారిపోతుంది. గట్టి బెల్టున్న జీన్స్ మీద పొడుగు కుర్తీ వేసుకుంటే బయటికి కనపడదు. చేయి జారి కింద పడుతుంటే పట్టుకోబోకండి, పడనివ్వండి, తొందరలో పట్టుకున్నప్పుడు వేలు ట్రిగ్గర్ మీదే పడుతుంది.

పిస్టల్ ఖాళీ చేసేటప్పుడు మ్యాగజైన్ (తూటాలు పేర్చే డబ్బీ) తీసేశాం కదా అని ధీమా పడకూడదు, ఛాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో పేలడానికి సిద్ధంగా ఇంకో తూటా ఉండొచ్చు. ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్ లాగి ఆ తూటా, ఆపైన కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి మరీ నిర్ధారించుకోవాలి. ఇంటికొచ్చాక అది ఉంటే మీ ఒంటిమీద, లేదంటే లాక్‌బాక్స్‌లో. అల్మారా పై అర, చీరల మడతలు లెక్కలోకి రావు, నిండిన తుపాకీ పిల్లలకి అందేలా వదిలేసి, అది వాళ్ల చేతికి చిక్కితే టెక్సస్‌లో నేరం.

చెల్లెలి విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది, కానీ లాయర్‌ని అడగకుండా దాన్ని నమ్ముకోవద్దు. లాక్‌బాక్స్ కోడ్ ఆమెకు తెలియకూడదు, సరదాకి చేతికివ్వడం కూడా వద్దు, వీసాకే ఎసరు.

లైసెన్సు అక్కర్లేకపోయినా ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ, అంటే తుపాకీ వెంట ఉంచుకునే లైసెన్సు) క్లాసుకి వెళ్లండి, నాలుగు నుంచి ఆరు గంటలు, చివర్లో కాల్చి చూపించాలి. ఏ నోటీసు బోర్డు ఉన్నచోట లోపలికి తీసుకెళ్లకూడదో అక్కడే చెప్తారు. దేవాలయాలకి వెళ్లేటప్పుడు కూడా ద్వారం దగ్గర ఆ బోర్డు ఉందేమో చూసుకోండి.

రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగ్‌నే ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున ఎక్కడో ఒక్క తూటా మిగిలిపోయి శంషాబాద్ స్కానింగ్‌లో కనపడిందంటే ఆయుధాల చట్టం కింద కేసు, సెలవులన్నీ పోలీస్ స్టేషన్ చుట్టూనే.